పెద్ద సిస్టర్ గారి లెక్క

మా పెద్ద సిస్టర్ గారు పోయారని మొన్న ఫోను వచ్చింది. తొంభై దాటిన మనిషి, మంచాన పడి చాలా కాలమైంది. అయినా ఆ రోజంతా నాకు ఏ పనీ చేతికి రాలేదు. ఆపరేషన్ థియేటర్‌లో నాకు పని నేర్పింది ఆవిడే. ఇలాంటి వాళ్లకు సంతాప సభలు పెట్టరు, పేపర్లలో ఫోటోలు వేయరు. శస్త్రచికిత్స చరిత్ర ఎవరు చెప్పినా సర్జన్ల పేర్లే చెబుతారు. కత్తి పట్టిన చేతి గొప్పతనం కాదనను. కానీ ఆ కత్తికి పదును పెట్టినవాళ్లు, ఉడకబెట్టినవాళ్లు, లెక్కచూసి అందించినవాళ్లు, పనయ్యాక నెత్తురు కడిగినవాళ్లు లేకపోతే ఆ చేయి ఎంతమందిని బతికించగలిగేది? తిరుపతిలో అలాంటి వాళ్ల మధ్య పుట్టి, వాళ్లలో ఒకరిగా పనిచేశాను కాబట్టి గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

నాయన దుకాణం

మా నాయనది సాన పట్టే పని. గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో ఒక పాత సత్రం అరుగు మీద ఆయన చక్రం ఉండేది. కాలితో తొక్కితే తిరిగే చక్రం, పక్కన రెండు మూడు రకాల రాళ్లు, చిన్న గిన్నెలో నూనె, గోడకు మేకు కొట్టి వేలాడదీసిన తోలుపట్టీ. కొండ మీద తలనీలాలు తీసే క్షురకులకు అప్పట్లో మడతకత్తులే. సగం బ్లేడు బిగించే పిడులు ఇంకా రాలేదు. రోజువారీ పదును వాళ్లే పెట్టుకునేవారు గానీ అంచు విరిగినవీ, గాడి పడినవీ గుడ్డమూటల్లో కట్టి కిందికి తెచ్చేవారు. తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం వస్తుంటే, ఇక్కడ రాయి మీద కత్తి సరసరమని, తోలు మీద కత్తి టపటపమని. నేను ఎక్కాలు వల్లెవేసింది ఆ రెండు చప్పుళ్ల మధ్యే.

వారానికోసారి ఆసుపత్రి నుంచి అటెండరు తాత ఒక రేకుపెట్టె తెచ్చేవారు. అందులో కత్తెరలు, ఎముకలు చెక్కే ఉలులు, పిడీ అలుగూ ఒకే ముక్కగా ఉండే పాతకాలం కత్తులు. ఆ పెట్టె వచ్చిందంటే నాయన లేచి సబ్బుతో చేతులు కడుక్కునేవారు. దానికి వేరే రాయి, వేరే గుడ్డ. మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఆసుపత్రి కత్తెరను ఆయన ఎలా పరీక్షించేవారో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒక ఉంగరం పట్టుకొని కత్తెరను నిలబెట్టి, రెండో కాడను బార్లా తెరిచి వదిలేవారు. అది దభాలున పడితే మర వదులైనట్టు, కదలకుండా నిలిస్తే బిగుసుకున్నట్టు. మెల్లగా సగం దూరం దిగి ఆగాలి. తర్వాత పాత మల్లుపంచె ముక్కను నీళ్లలో ముంచి, పిండి, కత్తెర కొసతో మాత్రమే కత్తిరించేవారు. పొడిగుడ్డ ఏ కత్తెరకైనా తెగుతుంది. తడిగుడ్డ అయితే మొండి కత్తెర అలుగుల మధ్య మడతపడి ఇరుక్కుపోతుంది. "ఇక్కడ గుడ్డ ఇరుక్కుంటే అక్కడ పేగు ఇరుక్కున్నట్టే పాపా" అనేవారు. కంటి ఆపరేషన్ కత్తులు మాత్రం ముట్టుకునేవారు కాదు. మద్రాసుకు పంపమని చెప్పి పెట్టెలో తిరిగి పెట్టేసేవారు. తన చేతికి ఎంతవరకు వచ్చో అంతవరకే చేసేవారు.

చాలా ఏళ్ల తర్వాత, ఆయుర్వేద కళాశాలలో చదివే పక్కింటి అబ్బాయి సుశ్రుత సంహితలో సూత్రస్థానం అనే భాగం చదివి నాకు అర్థం చెప్పాడు. ఏడో అధ్యాయంలో 101 యంత్రాలు, అంటే పదును లేని పనిముట్లు, ఎనిమిదో అధ్యాయంలో 20 శస్త్రాలు, అంటే పదునైనవి. పట్టకార్లకు సింహం, పులి, తోడేలు, కాకి, కొంగల నోళ్ల పోలికతో పేర్లు. వాటన్నిటిలోకీ కొంగముక్కు లాంటి కంకముఖ యంత్రమే మేలైనదట, ఎందుకంటే లోతుగా దూరుతుంది, పట్టు వదలదు, సులువుగా బయటికి వస్తుంది. నన్ను కదిలించింది మాత్రం సాన గురించిన మాటలు. శస్త్రాన్ని మినుముల రంగులో ఉండే నున్నటి రాయి మీద నూరాలి. పదును నిలవడానికి బూరుగు చెక్క వాడాలి. చీల్చే శస్త్రం అంచు మసూరపప్పు అంత, కోసే శస్త్రం అంచు వెంట్రుకలో సగం ఉండాలి. రోమాన్ని తెంపగలిగితేనే పదును సరిగ్గా కుదిరినట్టు. వంకర, మొండి, విరిగిన అంచు, గరుకు అంచు, మరీ లావు, మరీ సన్నం, మరీ పొడవు, మరీ పొట్టి, ఈ ఎనిమిదీ దోషాలు. గరుకు అంచు రంపానికి మాత్రం తప్పు కాదట.

మా నాయనకు చదువు లేదు. సుశ్రుతుడి పేరు విన్నారో లేదో కూడా నాకు తెలియదు. ఆయన రాయి మినుముల రంగులోనే ఉండేది. పదును చూసుకునేది ముంజేతి వెంట్రుకల మీదే, అందుకే ఆయన ఎడమచేయి ఎప్పుడూ నున్నగా ఉండేది. పని తెలిసిన కమ్మరి చేత మేలైన ఇనుముతో శస్త్రాలు చేయించమని కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. అది రాసినవాళ్లు కొలిమి దగ్గరా, సాన దగ్గరా కూర్చుని చూసినవాళ్లేనని నా నమ్మకం.

ఆసుపత్రి సర్జన్ గారు, అందరూ పెద్ద డాక్టరు గారనేవారు, ఒకసారి స్వయంగా దుకాణానికి వచ్చారు. తన ఉలి అంచు ఏ వాలులో కావాలో నాయనకు చూపించడానికి. అరుగు మీద కూర్చున్న క్షురకులు లేచి నిలబడబోతే కూర్చోమని చెప్పి, ఇంగ్లండులో ఒకప్పుడు క్షురకులకూ సర్జన్లకూ ఒకటే సంఘమని చెప్పారు. 1540లో కలిసి, 1745లో విడిపోయారట. ఫ్రాన్సులో ఆంబ్రోయ్ పారే అనే ఆయన క్షురకుడిగా పని మొదలుపెట్టి రాజుల సర్జన్ అయ్యాడని, యుద్ధంలో కాలు తీసేశాక నెత్తురు ఆపడానికి ఇనుము కాల్చి వాతలు పెట్టడం మాని రక్తనాళాన్ని దారంతో కట్టడం మొదలుపెట్టాడని చెప్పారు. వింటున్న ఒక ముసలాయన, "మా ఊళ్లో గడ్డలు కోసేది మా తాతే సామీ, కాన్పులు చేసేది మా అవ్వ" అన్నారు. పెద్ద డాక్టరు గారు తలాడించి, ఎలా కోసేవారో, కోశాక ఏం కట్టేవారో అడిగి తెలుసుకున్నారు. అలా అడిగిన డాక్టర్లను నా ఉద్యోగంలో మళ్లీ ఎక్కువమందిని చూడలేదు.

డ్రమ్ములు, సిరంజీలు, చేతితొడుగులు

నర్సింగ్ చదువు ముగించి థియేటర్‌లో చేరేసరికి అక్కడ పెద్ద సిస్టర్ గారు ఉన్నారు. ఆవిడ చిత్తూరు మనిషి, చదివింది వెల్లూరులో. చిత్తూరులో బస్సెక్కితే వెల్లూరు ఎంత దూరమని! ఐడా స్కడర్ అనే అమెరికా డాక్టరమ్మ అక్కడ 1909లోనే నర్సుల బడి పెట్టారు. ఆ బడి నుంచి వచ్చిన వాళ్ల నడకలోనే ఒక పద్ధతి కనిపించేది. పెద్ద సిస్టర్ గారు గొంతు పెంచడం నేను వినలేదు. తప్పు చూస్తే ఆ పని మొత్తం మొదటి నుంచి మళ్లీ చేయించేవారు, అంతే.

పొద్దున్నే మొదటి పని గాజు సిరంజీలు. గొట్టం, లోపలి కడ్డీ విడదీసి, ఒకదాని నంబరు మరొకదానికి సరిపోయేలా జతచేసి, పగలకుండా గాజ్‌గుడ్డలో చుట్టి స్టెరిలైజర్‌లో పెట్టి ఉడికించాలి. మా ఊరి బోరునీళ్లకు గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకునేది. ఆ సున్నం సిరంజీకి పడితే కడ్డీ కదలదు. అందుకని వాననీళ్లు పట్టి దాచేవాళ్లం. సూదులు ఒకసారి వాడి పారేసేవి కావు. సన్నటి తీగ దూర్చి రంధ్రం శుభ్రం చేసి, కొస వంగిందేమో దూది మీద గీసి చూసి, దూదిపోగు అంటుకుంటే నూనెరాయి మీద నూరేవాళ్లం. ఆ పని నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

డ్రెస్సింగ్ డ్రమ్ముల సంగతి వేరు. గుండ్రటి స్టీలు డబ్బా, చుట్టూ చిల్లులు, చిల్లులను మూసే జారుడు పట్టీ. ఆటోక్లేవ్ అనే ఆవిరి పాత్రలోకి వెళ్లేముందు చిల్లులు తెరవాలి, ఆవిరి లోపలికి పోవాలి. బయటికి రాగానే మూసేయాలి, గాలి చేరకూడదు. తెరవడం మరిచిపోతే లోపల గుడ్డ శుద్ధి కానట్టే, పైకి మాత్రం ఏ తేడా కనిపించదు. అందుకే ఆవిడ ఎర్ర ద్రవం నింపిన చిన్న గాజు గొట్టాన్ని డ్రమ్ము మధ్యలో గుడ్డల లోపల పెట్టించేవారు. సరైన వేడి, సరిపడా సేపు తగిలితే అది ఆకుపచ్చగా మారుతుంది. పదిహేను పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీలు. పాశ్చర్ దగ్గర పనిచేసిన చాంబర్లాండ్ 1879లో ఆ పరికరం చేశాడని, మామూలుగా నీళ్లు మరిగిస్తే చావని క్రిములు కూడా ఆ ఆవిరికి చస్తాయని ఆవిడే చెప్పారు. కరెంటు పోతే కిరోసిన్ స్టవ్ వెలిగించి నడిపించేవాళ్లం. ఆ స్టవ్ హోరు, ఆవిరి బుస, ఫినాయిల్ కడిగిన నేల వాసన, స్పిరిట్ వాసన. నా చీరలకు కూడా ఆ వాసనే ఉండేదని ఇంట్లోవాళ్లు అనేవారు.

మధ్యాహ్నం చేతితొడుగులు. అప్పట్లో అవి మందపాటి రబ్బరువి. కడిగి, గాలి ఊది నీళ్లలో ముంచితే ఎక్కడ బుడగ వస్తే అక్కడ చిల్లు. చినిగిన పాత తొడుగు నుంచి గుండ్రటి ముక్క కోసి లోపలివైపు అతికించేవాళ్లం. ఆరాక పౌడరు చల్లి జతలు కట్టడం. అతుకులున్న తొడుగులు డ్రెస్సింగులకు, అతుకులు లేనివి ఆపరేషన్లకు. అతుకులు వేస్తూనే ఆవిడ కరోలైన్ హాంప్టన్ కథ చెప్పారు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ దగ్గర ఆమె నర్సు. క్రిములను చంపడానికి చేతులు ముంచే పాదరసం మందుకు ఆమె చర్మం పుండు పడింది. 1889 చలికాలం ప్రాంతంలో హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె చేతులకు పల్చటి తొడుగులు చేయించాడు. అవి వేసుకుంటే రోగికి చీము పట్టడం తగ్గుతుందని గమనించింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. లోకంలో ప్రతి సర్జన్ వేసుకునే తొడుగు ఒక నర్సు చేతుల కోసం పుట్టింది! పెద్ద సిస్టర్ గారు ఈ కథ కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ చెప్పేవారు. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారని ఎవరైనా అడిగితేనే చెప్పేవారు.

గోవిందా గోవిందా

మత్తు ఇచ్చే యంత్రం మా దగ్గర ఒకటి ఉండేది. అది పాడైనప్పుడో, సిలిండర్లు రానప్పుడో తీగ అల్లిన ముసుగు మీద గాజ్ పరిచి ఈథర్ చుక్కలు వేయడమే దారి. ఆ తియ్యటి ఘాటు వాసన గదంతా నిండి మాకు కూడా తల తిరిగేది. రోగిని అంకెలు లెక్కపెట్టమనడం పుస్తకంలో పద్ధతి. తిరుపతిలో ఎవరూ అంకెలు లెక్కపెట్టలేదు. కళ్లు మూసుకుని "గోవిందా గోవిందా" అనేవాళ్లు. గొంతు ముద్దగా మారి, గోవింద నామం సగంలో ఆగిపోతే మత్తు ఎక్కినట్టు. చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ మాత్రం ఎంతకీ ఆపలేదు. పెద్ద డాక్టరు గారు చేతులు కడుక్కొని, రెండు అరచేతులూ పైకెత్తి, అవ్వ భజన అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

ముసుగు పక్కన కూర్చున్నవాళ్ల చూపు రోగి ఊపిరి మీదే ఉండాలని, మరో చేయి నాడి మీద ఉండాలని పెద్ద సిస్టర్ గారు గట్టిగా చెప్పేవారు. ఊపిరి ఒక్కటే చూస్తే చాలునన్న వాదం ఒకప్పుడు మన హైదరాబాదులోనే పుట్టింది. 1888లో, 1889లో నిజాం ఖర్చుతో క్లోరోఫామ్ అనే మత్తుమందు మీద రెండు విచారణ కమిషన్లు జరిగాయి. అక్కడి సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరు వచ్చాడు. ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు అని తేల్చారు. అది సరికాదని, క్లోరోఫామ్ నేరుగా గుండె లయనే చెడగొట్టి హఠాత్తుగా ఆపగలదని తర్వాతి కాలంలో రుజువైంది. ఆ రోజుల్లో హైదరాబాదులో క్లోరోఫామ్ ఇచ్చిన డాక్టర్లలో రూపాబాయి ఫర్దూంజీ అనే మహిళ ఉన్నారు. మత్తు ఇవ్వడమే వృత్తిగా చేసుకున్న తొలి మహిళల్లో ఆమె ఒకరు. మన తెలుగు పిల్లలకు ఈ పేరు పాఠాల్లో రావాలని నేను ఎంతమందితో చెప్పానో.

సూదికి దారం ఎక్కించడం గురించి రెండు మాటలు. అప్పటి సూదులకు కన్ను ఉండేది. దారం గొర్రె పేగు నుంచి తీసిన క్యాట్‌గట్, స్పిరిట్‌తో నింపిన గాజు గొట్టాల్లో వచ్చేది. గుడ్డలో చుట్టి విరిచి, వంపులు పోయేలా మెల్లగా సాగదీసి, తొడుగు వేసిన వేళ్లతో కన్నులో ఎక్కించి, డాక్టరు చేయి చాచేసరికి సిద్ధంగా ఉంచాలి. చేయి చాచాక వెతికితే ఆవిడకు ససేమిరా నచ్చేది కాదు. నెత్తురు ఆపడానికి రక్తనాళాన్ని బిగించే పట్టకారును, ఆర్టరీ ఫోర్సెప్స్‌ను, అరచేతిలో చప్పుడయ్యేలా పెట్టాలి, డాక్టరు తల తిప్పకుండానే అందిందని తెలియాలి. ఆ చిన్న చప్పుడు, దాని వెంటనే పట్టకారు పళ్లు బిగుసుకునే టిక్ టిక్ శబ్దం, ఆపరేషన్ సాఫీగా సాగుతోందనడానికి నాకు అదే గుర్తు.

రెండు గుడ్డలు

కడుపు ఆపరేషన్ జరిగే రోజు గోడ మీది నల్లబల్లపై సుద్దతో లెక్క రాసేవాళ్లం. మాపులు, అంటే నెత్తురు అద్దే పెద్ద గుడ్డలు, ఇన్ని, గాజ్ ముక్కలు ఇన్ని, సూదులు ఇన్ని. కొత్తవి ఇచ్చినప్పుడల్లా కలపాలి. కడుపు మూసేముందు ఒకసారి, చర్మం కుట్టేముందు మరోసారి, ఇద్దరు కలిసి, పైకి వినిపించేలా లెక్కపెట్టాలి.

ఒక రాత్రి పేగు చిల్లు పడిన కేసు. అర్ధరాత్రి దాటింది, కరెంటు వచ్చి పోతోంది, రోగి నాడి బాగాలేదు. మూసేద్దామని ఆ రోజు చేస్తున్న డాక్టరు సూది అడిగారు. లెక్కలో ఒక మాపు తక్కువ. పెద్ద సిస్టర్ గారు సూది ఇవ్వలేదు. "ఒక మాపు రావాలి డాక్టర్" అన్నారు. ఆయన లోపల చూశానన్నారు. "మళ్లీ చూడండి" అన్నారు ఆవిడ. ఆయన గొంతు పెంచారు. రోగి టేబుల్ మీద పోతే ఎవరిది బాధ్యత అన్నారు. ఆవిడ సూదిని పట్టుకున్న చేయి కదపకుండా, నన్ను బకెట్టులోని గుడ్డలన్నీ నేల మీద పరచమన్నారు. నేనూ ఆయమ్మా మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు వెలుగులో ఒక్కొక్కటే విడదీశాం. నెత్తురులో నాని రెండు మాపులు ఒకదానికొకటి అతుక్కుని ఒకటిగా కనిపించాయి. "దొరికింది సిస్టర్" అనేలోపే ఆవిడ సూది డాక్టరు చేతిలో పెట్టేశారు.

మనిషి బతికాడు. ఆ డాక్టరు ఆ రాత్రి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు గానీ, అప్పటి నుంచి ఏ కేసులోనైనా సూది అడిగేముందు "లెక్క సరిపోయిందా?" అని తనే అడిగేవారు.

పారేసే కాలం

తర్వాత మార్పులు తొందరగానే వచ్చాయి. అలుగు మార్చుకునే కత్తిని మోర్గన్ పార్కర్ అమెరికాలో 1915 ప్రాంతంలోనే తెచ్చినా, మా దగ్గర పాత కత్తులు పూర్తిగా పోయేసరికి నాయన చూపు మందగించింది. రేకుపెట్టె రావడం తగ్గింది, ఒక ఏడాది పూర్తిగా ఆగింది. ఎయిడ్స్ భయంతో ప్లాస్టిక్ సిరంజీలు వచ్చాయి, గాజువి గోనెసంచుల్లో గోదాముకు వెళ్లాయి. సూదిలోనే దారం బిగించి వచ్చే ప్యాకెట్లు, ఒకసారి వాడి పారేసే తొడుగులు. కడుపు కోయకుండా గొట్టంతో పిత్తాశయం తీయడం 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహే మొదలుపెడితే, పదేళ్లు తిరిగేసరికి మన ఊళ్లలోనూ దాని గురించి వినడం మొదలైంది.

పాత రోజులే మేలని నేను అనను. ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడిన సూదుల వల్ల దేశదేశాల్లో కామెర్లు ఎంతమందికి అంటుకున్నాయో తర్వాత చదివి చాలా బాధపడ్డాను. ఎంత శ్రద్ధ పెట్టినా గిన్నెలో మరిగే నీళ్లకు ఒక హద్దు ఉంది. పారేసే సూది రోగికి మంచిది, నర్సుకూ మంచిది. నా బాధ వేరే. తడిగుడ్డ మీద కత్తెర పరీక్ష, సూది కొసను దూదితో తెలుసుకోవడం, వాననీళ్ల కుండలు, ఇవన్నీ తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. ఎవరూ వాళ్లను కూర్చోబెట్టి అడగలేదు. పుణే దగ్గర తెగిన ముక్కును నుదుటి చర్మంతో తిరిగి కట్టిన వైద్యుడి సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. రోగి కావస్జీ పేరు అందులో ఉంది, ఆ నేర్పు ఉన్నవాడిది ఇటుకలు చేసే కులమని రాశారు, పేరు మాత్రం లేదు. దాన్ని చదివి లండన్‌లో అదే పద్ధతి చేసిన కార్ప్యూ అనే సర్జన్ పేరు చరిత్ర పుస్తకాల్లో నిలిచింది.

పెద్ద సిస్టర్ గారు బాగా మాట్లాడగలిగిన రోజుల్లో ఒకసారి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా జాబితాను అచ్చు తీసుకుని బైరాగిపట్టెడలోని ఆవిడ ఇంటికి వెళ్లాను. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో, మన ఢిల్లీతో సహా, దాన్ని వాడి చూస్తే మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని కూడా చెప్పాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివించుకున్నారు. రోగి గదిలో నుంచి వెళ్లేముందు పరికరాలు, గుడ్డలు, సూదుల లెక్క పూర్తయిందని నర్సు నోటితో చెప్పాలన్న చోట ఆపమన్నారు.

"లెక్క సరిపోకపోతే ఏం చేయాలో రాశారా అమ్మాయీ?"

ఆ కాగితంలో అలా విడిగా లేదని చెప్పాను.

"కుట్టడానికి సూది ఇవ్వకూడదని రాయాలి" అన్నారు.

ఇప్పుడు నర్సింగ్ విద్యార్థినులకు ఆ జాబితా చెప్పడానికి నన్ను పిలిచినప్పుడల్లా, ఆ మాటను ఆవిడ పేరుతో సహా కలిపి చెబుతున్నాను.